సమాధి మీద టిష్యూ పాకెట్

ముందే చెప్తున్నా, నవ్వినవాళ్ళకి టీ లేదు.

పోయిన నెల ఇంగ్లండ్‌లో నేను ఒక పెద్దావిడ మీద కూర్చుని, వాళ్ళాయన మీద టిఫిన్ బాక్స్ పెట్టుకుని, పులిహోర తిన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆ ఊరాయన ఒకరు వచ్చి ఏదో మర్యాదగా చెప్పబోతే ఆయనతో వాదించాను. వాదించి గెలిచాను కూడా! అసలు దరిద్రం అదే.

మీకు తెలుసుగా నా సంగతి. తెనాలిలో కాలేజీ చదివే రోజుల్లో డిబేట్ అంటే నాకు ఏ పక్షం ఇచ్చినా ఒకటే. పొద్దున అనుకూలం, మధ్యాహ్నం ప్రతికూలం, రెండింటికీ కప్పు. ఇంట్లో ఆ కప్పుల్లో మా అమ్మ పోపుదినుసులు పోసుకునేది. సింగపూర్ వచ్చాక కప్పులు ఆగాయి గానీ నోరు ఆగలేదు.

ఇక మా ఆఫీసు. సింగపూర్‌లోనే ఆంగ్ మో కియో అనే పేటలో కార్ల రిపేర్ షెడ్ల పైన ఉంటుంది. ఈ కంప్యూటర్ బూమ్ పుణ్యమా అని లోకంలో ఏది కనిపిస్తే అది డేటాబేస్‌లోకి ఎక్కించేస్తున్నారు కదా! కోళ్ళ ఫారాలు ఒకరికి, పెళ్ళి సంబంధాలు ఒకరికి. మాకు దక్కినవి సమాధులు. ఇంగ్లండ్‌లో కొన్ని పల్లెటూళ్ళ చర్చిలు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి. ఆ చర్చిల తాలూకు పాత రాతి సమాధులు ఎవరివి, ఏ రకానివి, ఏది పగిలింది, ఏది ముందు బాగుచేయాలి, ఇదంతా కంప్యూటర్లో ఉండాలి. ఆ పని ఎక్కడెక్కడో తిరిగి చివరికి నా కీబోర్డు మీద పడింది. నేనా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఇంగ్లీషు సమాధినైనా చూసిన పాపాన పోలేదు. వాళ్ళు పంపినవి పేర్లే. ఫోటోలు రెండో దశలో పంపుతామన్నారు.

అందులో 'సమాధి రకం' అని ఒక డ్రాప్‌డౌన్. నిలబెట్టిన రాయి, నేల మీద పరిచిన పలక, పెట్టె, పైన ఉన్ని మూటలు పేర్చినట్టు ఉండేది... సరే, ఇవన్నీ సరే. వరసలో చివర 'టేబుల్' అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. టేబుల్ ఏంటండీ? కాళ్ళ మీద పలక నిలబెట్టి కింద ఖాళీ వదిలేస్తే ఇక మనిషినెక్కడ పెడతారు? సమాధి అంటే మూసి ఉండాలి కదా!

సాయంత్రం కాన్ఫరెన్స్ కాల్‌లో అడిగేశాను. అవతల మార్గరెట్ అని కమిటీ సెక్రటరీ, మెత్తటి మనిషి. "మా దగ్గర అలాంటివి చాలానే ఉన్నాయమ్మా" అంది ఇంగ్లీషులో.

"చాలా ఉన్నాయనడం వేరు, ఉండే అవకాశం ఉందనడం వేరు మేడమ్" అని మొదలుపెట్టాను. నిర్మాణం, తర్కం, డేటా స్వచ్ఛత... పూర్తి ప్రసంగం. మధ్యలో అవతల ఎవరో దగ్గారు. మామూలు దగ్గు కాదు, ఖళ్ ఖళ్‌మని మొదలై చివర ఈల వేసినట్టు ముగిసే దగ్గు. ఆ తర్వాత మార్గరెట్, "సరే, చూద్దాం" అంది. చూద్దాం అంటే ఏమిటి? ఒప్పుకున్నట్టే! ఆ రాత్రే 'టేబుల్' తీసేసి 'ఇతరములు' అని పెట్టేశాను.

మా మేనేజర్ ఖాదర్ భాయ్ ఫోన్ పెట్టేసి నెత్తి పట్టుకున్నారు. ఆయనది హైదరాబాద్, పాతబస్తీ. "గెలిచినవ్‌లే బేటీ. కానీ మనకు గెలుపు కాదు, సంతకం కావాలె" అన్నారు.

ఆ సంతకం కోసమే ఇంగ్లండ్ ప్రయాణం. సోమవారం ఆ కమిటీ ఉన్న ఊళ్ళోనే డెమో. కమిటీ మెచ్చితే సంతకం పెడుతుంది, రెండో దశ మాకే వస్తుంది, దానికి టీమ్ లీడ్ కావాలి. ఎయిర్‌పోర్టులో ఖాదర్ భాయ్ నన్ను పక్కకి పిలిచారు.

"చూడు భార్గవీ. లీడ్ సీటు నీకే ఇప్పించాలని చూస్తున్న. షరతు ఒక్కటే. సంతకం అయ్యేదాకా ఇంగ్లండ్ గడ్డ మీద ఎవ్వరితోని ఆర్గ్యూ చెయ్యొద్దు. టాక్సీవాడితోని కూడ. చేసినవా, సీటు సుధాకర్‌కి పోతది."

సుధాకర్! కంప్యూటర్ 'ఆర్ యూ ష్యూర్' అని అడిగినా 'యెస్ సర్' అనే సుధాకర్! వాడి కింద పనిచేయడం కంటే కోళ్ళ ఫారం డేటాబేస్ నయం. తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం దాకా ఒట్టు నిలిచింది.

ఆ ఊరు ఎంత బాగుందనుకున్నారు! తేనె రంగు రాతి ఇళ్ళు, ఒకటే వీధి, ఒకటే కొట్టు, ఒక చర్చి. మేం దిగిన గెస్ట్ హౌస్‌లో పొద్దున రొట్టె, సాయంత్రం మీ ఏడుపు మీరేడవండి అన్న పద్ధతి. నేను ఊరుకుంటానా? సూట్‌కేసులో రైస్ కుక్కర్ పెట్టుకునే వచ్చాను. అమ్మ పంపిన పులిహోర గుజ్జు సీసా ఉండనే ఉంది. బాక్స్ నింపుకుని, ఖాదర్ భాయ్‌ని వెంటేసుకుని, ఎండ కాస్తోందని బయల్దేరాను. "మీరు కొట్లో టీ పట్టుకురండి సర్, నేను ఎక్కడైనా సీటు చూసి పెడతా" అన్నాను.

సీటు చూసి పెట్టడం! దానికి నన్ను మించినవాళ్ళెవరు? లంచ్ టైమ్‌లో మన సింగపూర్ హాకర్ సెంటర్, అదే, ఒకే కప్పు కింద తిండి కొట్లన్నీ ఉండే చోటు, గుర్తు చేసుకోండి. జనం, వేడి, ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు. ముందు టేబుల్ మీద టిష్యూ పాకెట్ పడెయ్యాలి, అంటే చోప్ చేశామన్నమాట, సీటు మనదైపోయినట్టే. తర్వాత తీరిగ్గా వెళ్ళి నూడుల్స్ క్యూలో నిలబడొచ్చు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే, కాకపోతే కర్చీఫ్ తీసి ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చునే మహానుభావులు మన దగ్గరున్నారు. ఇక్కడ టిష్యూ జోలికి ఎవరూ పోరు. అది రాజ్యాంగం.

చర్చి గేటు తీసి ఉంది. ప్రార్థన అయిపోయి జనం వెళ్ళిపోయారు. లోపల కోసిన పచ్చగడ్డి, ముదురాకుపచ్చ చెట్టొకటి, దాని పక్కన... టేబుల్! చక్కటి రాతి టేబుల్. లావుపాటి రాతి కాళ్ళు, పైన ఇంత మందాన పలక, కింద గాలి ఆడేంత ఖాళీ. పక్కనే సగం నేలలోకి కుంగిపోయిన రాతి దిమ్మె, సరిగ్గా స్టూల్ ఎత్తులో. అవతల గోడ దగ్గర నీళ్ళ పంపు, పక్కన చిన్న డబ్బా. ఆహా, చేతులు కడుక్కోవడానికి ఏర్పాటు కూడా చేశారే అనుకున్నాను. ఆ డబ్బా పూల కోసమని నాకేం తెలుసు?

మీరు అడగబోయేది నాకు తెలుసు. చర్చి ఆవరణలో ఉన్నవి ఏమిటని అనుమానం రాలేదా అని. రాలేదు! తెనాలిలో చర్చి ఊరి మధ్యలో ఉంటే సమాధుల దొడ్డి ఊరి బయట ఉంటుంది. గుడి ఆవరణలో రాతి అరుగు కనిపిస్తే మనం ఏం చేస్తాం? కూర్చుని ప్రసాదం తింటాం. పైగా టేబుల్ ఆకారంలో సమాధి ఉండదని నిరూపించినదాన్ని నేనే కదా!

పలక మధ్యలో టిష్యూ పాకెట్ పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగి చూద్దును కదా, పొడుగాటి ముసలాయన ఒకరు, తలమీద టోపీ, మోకాళ్ళ దగ్గర మట్టి. నా టిష్యూ పాకెట్ తీసి గోడ మీద పెట్టి, పలకని అరచేత్తో తుడుస్తున్నారు.

నా చోప్ తీసేశారు!

"ఎక్స్‌క్యూజ్ మీ! అది నాది."

"అయ్యో, మన్నించాలి. ఎవరో పారేసిన చెత్త అనుకున్నాను."

"చెత్తా? అది రిజర్వేషన్!"

ఖాదర్ భాయ్‌కి వేసిన ఒట్టు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కానీ ఇది ఆర్గ్యుమెంట్ కాదు, ఆయనకి తెలియని విషయం తెలియజెప్పడం అని నాకు నేను రూలింగ్ ఇచ్చుకున్నాను. టిష్యూ పద్ధతి మొత్తం వివరించాను. ఆయన ఎంత శ్రద్ధగా విన్నారంటే, మా కాలేజీ జడ్జీలు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

"చాలా నాగరికమైన పద్ధతి" అన్నారు. "అయితే, ఇది ఒక కుటుంబానిది మరి."

"వాళ్ళెక్కడున్నారు?"

ఆయన నేలవైపు చూశారు. "దగ్గర్లోనే."

"అయితే రానివ్వండి, వచ్చాక లేస్తాను!" అని దిమ్మె మీద కూర్చుని బాక్స్ తెరిచాను.

ఆయన ఏదో అనబోయి దగ్గారు. ఖళ్ ఖళ్‌మని మొదలై చివర ఈల. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. కానీ పాయింట్ మధ్యలో ఉన్నవాళ్ళు ఆగకూడదు, అది డిబేట్ ధర్మం.

"ఒకటి, ఇక్కడ కూర్చోవద్దని బోర్డు లేదు. రెండు, ముందు వచ్చింది నేను. మూడు, అసలు విషయం. మా దేశంలో గుళ్ళో రాతి మండపాలుంటాయి. తాతల తాతల నాటివి. జనం వాటి మీద కూర్చుంటారు, తింటారు, నడుం వాలుస్తారు. అలా మనుషులు మసిలితేనే రాయికి ప్రాణం. మీరేమో ఇంత మంచి టేబుళ్ళు కట్టుకుని, చుట్టూ గడ్డి కోసి, ఊరికే వదిలేశారు. ఇవి మనుషుల కోసం కాకపోతే ఇంకెవరి కోసం సర్?"

ఆయన టోపీ తీశారు. నా వాదనకి గౌరవం అనుకున్నాను! చాలాసేపు పలకవైపు చూసి, "ఈ ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదమ్మా. మీరన్నదాంట్లో నిజముంది" అన్నారు.

గెలిచాను. గెలిచినవాళ్ళకి ఉదారత కూడా ఉండాలి కదా! బాక్స్ మూతలో ఇంత పులిహోర పెట్టి ఇచ్చాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే తిన్నారు. ఎండుమిరపకాయ కొరికి కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని కూడా "అద్భుతం" అన్నారు. మూత తిరిగిచ్చి, టోపీ గుండెలకానించుకుని వంగారు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్." తర్వాత టేబుల్ వైపు తిరిగి, "గుడ్ ఆఫ్టర్‌నూన్, థామస్." తర్వాత నా స్టూల్ వైపు తిరిగి, "గుడ్ ఆఫ్టర్‌నూన్, ఆన్."

వెళ్ళిపోయారు. పాపం, వయసు మీద పడింది, చాదస్తం అనుకున్నాను.

అప్పుడొచ్చారు ఖాదర్ భాయ్, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో. గేటు దాటి నాలుగడుగులు వేశారో లేదో నిలుచుండిపోయారు. ఏదో నెమ్మదిగా అరబ్బీలో సలాం చెప్పుకున్నారు.

"భార్గవీ. లే. మెల్లగ లే."

"పామా సర్?"

"పాము కాదు తల్లీ. గోరి. సమాధి. నువ్వు సమాధి మీద అన్నం తింటున్నవ్!"

"ఛ, టేబుల్ ఆకారంలో సమాధి ఉండదు సర్! మనం కాల్‌లో నిరూపించాం కదా..."

"మనం కాదు, నువ్వు నిరూపించినవ్. నేను గోరీల మధ్య క్రికెట్ ఆడినోణ్ణి, నాకు తెల్వదా? అంచు మీద చదువు!"

వంగి చూశాను. నా బాక్స్ పక్కనే, నాచు పట్టిన అక్షరాలు. థామస్ ఫలానా, ఉన్ని వ్యాపారి, ఈ రాతి కింద విశ్రమించుచున్నాడు. కింద! మనిషి భూమిలో ఉంటాడు, టేబుల్ గుర్తు కోసం పైన ఉంటుంది. ఇంత చిన్న ముక్క తట్టలేదు నాకు! మెల్లగా నా స్టూల్ వైపు తిరిగాను. ఆన్, పై థామస్ భార్య. నేను ఒక్క గెంతులో గడ్డి మీదున్నాను. "క్షమించండమ్మా, క్షమించండమ్మా" అని ఆ దిమ్మెకి దణ్ణం పెట్టాను. తెలుగులో. ఆవిడకి అర్థమైందో లేదో.

అంతలో ఇంకో ఘోరం కనబడింది. థామస్ గారి పేరు మీద పసుపు నూనె మరక! 'ఓ' అక్షరం గుంటలో ఒక ఆవగింజ! మేం ఏ రాళ్ళని కాపాడటానికి సాఫ్ట్‌వేర్ రాశామో ఆ రాతికి పోపు పెట్టాను నేను. రిజర్వేషన్ టిష్యూలన్నీ తీసి ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని అద్దాం. గట్టిగా రుద్దితే రాయి పొడి రాలుతుందని భయం, రుద్దకపోతే పులిహోర. ఆవగింజ వచ్చింది. మరక సగం వచ్చింది. మిగతా సగం అక్కడి పసుపుపచ్చ నాచులో కలిసిపోయింది. నన్ను ఆ రోజు కాపాడింది ఆ నాచొక్కటే.

"ఎవరన్న చూసిన్రా?" అన్నారు ఖాదర్ భాయ్.

"ఒక ముసలాయన సర్. ఆయనకి కూడా పెట్టాను."

"ఆర్గ్యూ చేసినవా?"

నేను వాడిన టిష్యూలు ఏరడం మొదలుపెట్టాను. ఆయన చల్లారిపోయిన టీ గటగటా తాగేసి, "సుధాకర్‌కి పాస్‌పోర్టుందో లేదో" అన్నారు.

సోమవారం పొద్దున. చర్చి పక్కన హాలు, గోడ మీద తెర, వరసగా కమిటీ పెద్దలు. మార్గరెట్ ఫోన్లో ఎంత మెత్తనో మనిషీ అంతే మెత్తన. "మా చైర్మన్ కాల్స్‌లో మాట్లాడరు, వింటుంటారు. ఇప్పుడే వస్తారు" అంది. నేను ప్రొజెక్టర్ సర్దుతున్నాను. వెనక తలుపు చప్పుడైంది.

ఖళ్, ఖళ్... ఈల.

నా ప్రాణాలు అక్కడే పోయాయి. వెనక్కి తిరగకుండానే తెలిసింది, ఆ టోపీ ఎవరిదో, ఆ కాన్ఫరెన్స్ కాల్‌లో దగ్గిందెవరో. ఆయన ముందువరసలో కూర్చుని చిన్నగా తల వంచారు. "నిన్నటి భోజనానికి మళ్ళీ కృతజ్ఞతలు" అన్నారు. బల్ల కింద ఖాదర్ భాయ్ నా కాలు తొక్కారు.

డెమో బాగానే నడిచింది. ఆఖర్లో చైర్మన్ గారు చెయ్యెత్తారు. "ఒక సమాధి వివరాలు ఇప్పుడే ఎక్కిద్దామా? మనిద్దరికీ తెలిసినదే. థామస్‌ది."

పేరు కొట్టాను. వృత్తి కొట్టాను. తర్వాత 'సమాధి రకం'. డ్రాప్‌డౌన్ తెరిచాను. రాయి, పలక, పెట్టె, మూట... ఇతరములు. అంతే. హాలంతా తెరవైపు చూస్తోంది. ఇంత పెద్ద అక్షరాల్లో, 'టేబుల్' లేదు.

ఆ నిమిషంలో నా బుర్రలో ఎన్ని వాదనలు తయారయ్యాయో చెప్పలేను. ఇతరములు అన్నది విశాలమైన వర్గం, మొదటి దశలో సరళత ముఖ్యం, అవసరం పెరిగితే విస్తరించుకోవచ్చు... నోటి చివర ఉన్నాయి, వదిలితే పరుగే. బల్ల కింద నా కాలి మీద ఖాదర్ భాయ్ బూటు బరువు పెరుగుతోంది. కళ్ళముందు సుధాకర్ 'యెస్ సర్' అంటున్నాడు.

జీవితంలో మొదటిసారి, వాదన ఉండి కూడా వాదించలేదు.

"సర్, తప్పు నాది. టేబుల్ సమాధులు ఉండవని వాదించి నేనే తీసేయించాను. అవి ఉంటాయి. నాకు బాగా తెలుసు, నిన్న ఒకదాని మీద భోంచేశాను."

ముందు మార్గరెట్ కిసుక్కుమంది. తర్వాత అందరూ! ఆ నవ్వుల మధ్యే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'టేబుల్' అని చేర్చాను. డ్రాప్‌డౌన్‌లో వచ్చి కూర్చుంది. థామస్ గారు నమోదయ్యారు.

"మీ వాదన కూడా వృథా పోలేదు" అన్నారు చైర్మన్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "గోడ పక్కన రెండు బల్లలు వేయిస్తున్నాం. చెక్కవి. మనుషులు కూర్చోవడానికి. అన్నట్టు, థామస్ మీద కొత్తరకం నాచు మొలిచినట్టుంది. ఆవాల వాసన వస్తోంది" అని, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశారు.

విమానం ఎక్కగానే ఖాదర్ భాయ్ దుప్పటి కప్పుకున్నారు. నేనే ఉండబట్టలేక, "సీటు సుధాకర్‌కేనా సర్?" అన్నాను.

"నీకే."

"ఒట్టు తప్పాను కదా!"

"తప్పినవ్. కానీ చచ్చినోళ్ళతోని కూడ సీటు కోసం కొట్లాడినదానివి. రేపు టీమ్ కోసం బతికినోళ్ళతోని కొట్లాడవా? ఇగ ఆర్గ్యూ చెయ్యకు, నన్ను పండుకోనియ్యి."

అలా లీడ్ అయ్యాను. నా టేబుల్ మీద రోజుకొకళ్ళు టిష్యూ పాకెట్ పెట్టిపోతున్నారు. సుధాకరైతే పాకెట్ మీద పేరు కూడా రాస్తున్నాడు, థామస్ అని.

కానీ అలవాటు ఒకటి అంటుకుంది. ఏ టేబుల్ దగ్గరికెళ్ళినా ముందు వంగి అంచు చూస్తున్నాను, కింద చూస్తున్నాను. నిన్న ఆంగ్ మో కియో హాకర్ సెంటర్లో అలాగే వంగి చూస్తుంటే, ఎదురుగా నూడుల్స్ తింటున్న చైనీస్ ఆంటీ విసుక్కుంది, ఇక్కడివాళ్ళ మాట చివర అంటుకునే 'లా'తో సహా.

"హేయ్ గర్ల్, ఏం వెతుకుతున్నావ్? టిష్యూ లేదు కదా లా! ఎవరూ లేరు, కూర్చో!"

"టిష్యూ లేకపోయినా మనిషి ఉండొచ్చు ఆంటీ" అన్నాను. "కింద."

ఆంటీ నన్ను చూసింది, టేబుల్ కిందకి చూసింది, ట్రే పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. పక్కవాళ్ళూ లేచారు. సింగపూర్ వచ్చాక లంచ్ టైమ్‌లో నాకు టేబుల్ మొత్తం దొరకడం అదే మొదటిసారి.